జేబులో అట్టముక్క

ఫ్రీజర్‌లోంచి తీసిన సీసాను అరగంట దాకా ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు ఆవిడ. బొటనవేలంత సీసా, అడుగున చిటికెడు తెల్లపొడి. దాన్ని తేమ చొరబడని గాజు డబ్బాలో పెట్టి మూత వేసి, పక్కనే స్టూలు లాక్కుని, పసిపిల్లను నిద్రపుచ్చి కాపలా ఉన్నట్టు కూచునేది.

"అక్కా, అయిదు నిమిషాలు చాలదా?" అని కొత్తగా చేరినవాళ్లు నసిగేవారు.

"చాలదు. చల్లటి సీసా మూత తీశావనుకో, గాల్లో ఉన్న తడంతా వెళ్లి పొడి మీద కూచుంటుంది. పొడి చచ్చిపోతుంది. పోనీ చచ్చానని చెబుతుందా? చెప్పదు. బతికిందీ తెల్లగానే ఉంటుంది, చచ్చిందీ తెల్లగానే ఉంటుంది. మనం వారం రోజులు చాకిరీ చేశాక, అప్పుడు తీరిగ్గా చెబుతుంది."

అందుకే ల్యాబులో ఆమె పేరు అరగంట అక్క. ఆమెకంటే పదేళ్లు పెద్దవాడైన కాలమ్ బాబాయి కూడా అలాగే పిలిచేవాడు. కాలమ్ అంటే నిలువెత్తు గాజు గొట్టం. కలగలిసిన ద్రావణాన్ని పైనుంచి పోస్తే పెద్ద అణువులు ముందు, చిన్నవి వెనక, వరసగా దిగుతాయి. ముప్ఫై ఏళ్లు ఆ గొట్టాల దగ్గరే గడిపిన బాబాయికి ఆ పేరే స్థిరపడిపోయింది.

ఆమె పోయి మూడేళ్లయింది. ఇప్పటికీ ఆ గదిలో ఎవరైనా సీసా బయటికి తీస్తే, ఇంకెవరో ఒకరు గోడ గడియారం వైపు చూస్తారు.

గాజుసామాను కడిగే పనికి చేరిన మనిషి ఆమె. కడిగిన బీకరును కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, మచ్చ కనిపిస్తే ఎవరూ అడక్కుండానే మళ్లీ కడిగేది. అది గమనించి తూకాల పని ఇచ్చారు. తూకాల్లో తప్పు దొరకలేదు కాబట్టి ద్రావణాలు కలిపే పని ఇచ్చారు. ఇరవై రెండేళ్లు తిరిగేసరికి పెద్ద చదువులు చదివి వచ్చినవాళ్లు కూడా చేతిలో కాగితం పట్టుకుని, "అక్కా, ఇది సరిగ్గానే ఉందా?" అని ఆమె బల్ల దగ్గర నిలబడేవారు.

ఏనాడూ ఫలానా పని కావాలని అడిగిన మనిషి కాదు. ఒక్కసారే అడిగింది. గొలుసుల బల్ల అని కొత్త పనొకటి మొదలుపెడుతున్నారని తెలిసిన రోజున, ఆ పని చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, "నన్ను అక్కడ వెయ్యండి" అంది. డాక్టరమ్మ వైద్యం చేసే డాక్టరు కాదు, పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్న డాక్టరు. అక్క కంటే పదిహేనేళ్లు చిన్నది.

"ఎందుకక్కా? అక్కడ పని ఎక్కువ" అందామె.

"మా తమ్ముడికి" అంది అక్క.

తమ్ముడు దర్జీ. ఇంటి ముందుగదే అతని కొట్టు. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, కొలతలు చూసుకోవడానికి మూలన ఒక తెర. అతని ఒంట్లో పుట్టుకతోనే ఒక ఎంజైము తక్కువ. అది లేకపోతే రక్తంలో ఒక పదార్థం పేరుకుపోతుంది. ముందు వేళ్లు బిగుసుకుంటాయి, తర్వాత కళ్లు మసకబారతాయి, ఆ తర్వాత సంగతి డాక్టర్లు గొంతు తగ్గించి చెబుతారు. ఆ ఎంజైమునే బయట తయారుచేసి రోజూ ఇంజెక్షనుగా ఇస్తే మనిషి మామూలుగా తిరుగుతాడు. రోజూ అంటే రోజూ. ఎందుకంటే ఆ ఎంజైము ఒక ప్రోటీన్. పొద్దున ఎక్కించింది మర్నాటికి మిగలదు. సగం ఒంట్లో ముక్కలైపోతుంది, మిగతా సగం మూత్రపిండాల జల్లెడలోంచి జారిపోతుంది.

గొలుసుల బల్ల మీద చేసేది దానికి విరుగుడు. ఆ తెల్లపొడి పాలిమర్ గొలుసుల పోగు. ఒక్కో గొలుసు చివర ఒక కొక్కెం ఉంటుంది. ఆ కొక్కేన్ని ప్రోటీన్ ఒంటి మీద తగిలిస్తే, గొలుసు తన చుట్టూ నీళ్లను పోగేసుకుని, ప్రోటీన్‌ను నాలుగైదింతలు లావుగా చేస్తుంది. అప్పుడది జల్లెడలోంచి జారదు. ప్రోటీన్లను కత్తిరించే కత్తెరలు దాని ఒంటిదాకా రాలేవు. రోజు నిలిచేది వారం నిలుస్తుంది. వారానికి ఒక్క సూది.

అక్క ఆ ముక్కే తమ్ముడికి చెప్పింది. అతను మిషన్ తొక్కడం ఆపకుండా, "పొద్దస్తమానం నేను గుడ్డకి సూది గుచ్చుతాను, దానికి బదులు నువ్వు నాకు గుచ్చుతున్నావు. ఆ లెక్క వారానికి ఒకసారికి తెగుతుందంటే నాకేం అభ్యంతరం?" అన్నాడు.

తెగలేదు. రెండేళ్లు పనిచేసినా తెగలేదు. గొలుసులైతే తగులుకున్నాయి. తగులుకున్న ఎంజైము ఎలుకల రక్తంలో వారం నిలిచింది కూడా. కాని పని చేయడం మానేసింది. పరీక్ష చాలా తేలిక: పసుపు రంగు నీళ్లలో ఎంజైము చుక్క వేస్తే, అది ఆరోగ్యంగా ఉంటే పది నిమిషాల్లో పసుపు విరిగి నీళ్లు తేటపడాలి. వీళ్ల చుక్క వేస్తే గంట గడిచినా పసుపు పసుపులాగే ఉండేది. గొలుసులు ఎంజైము ఒళ్లంతా తగులుకుంటున్నాయి, దాని నోటి దగ్గర, అంటే అది పదార్థాన్ని పట్టి విరిచే చోట కూడా. మందు ఉంది, నోరు మూసుకుని ఉంది.

గొలుసులు తగ్గిస్తే నోరు తెరుచుకునేది, కాని రెండు రోజులకే ఒంట్లోంచి పోయేది. పెంచితే నిలిచేది, మూగబోయేది. ఆ మధ్యలో ఎక్కడా సరైన చోటు దొరకలేదు. ఎంజైము తయారుచేసి పంపే విభాగం ఆ పని ఆపేసింది. చివరికి రెండు గొట్టాల ఎంజైము మిగిలింది. నెలాఖరుకు ఏదో ఒకటి చూపించకపోతే బల్ల ఇంకో పనికి ఇచ్చేస్తామని పైవాళ్లు డాక్టరమ్మకు కబురు పెట్టారు.

ఒక సెలవు రోజు అక్క తమ్ముడి కొట్లో కూచుని కాజాలకు దారం కత్తిరిస్తోంది. అతను ఒక కోటు ఛాతీ జేబు మీద గుండీ కుడుతున్నాడు. కుట్టేముందు జేబులోకి ఒక అట్టముక్క దూర్చాడు. గుండీ కుట్టాడు, అట్టముక్క లాగేశాడు.

"అదెందుకురా?"

"అట్ట లేకపోతే సూది వెనక గుడ్డని కూడా పట్టేస్తుంది. జేబు మూసుకుపోతుంది. చెయ్యి పెట్టబోతే పోదు. కొత్తలో నేను అలాంటి జేబులు బోలెడు కుట్టాను. ఒకాయనైతే, జేబులో రుమాలు పెట్టుకోబోయి నన్ను తిట్టిన తిట్టు మళ్లీ తిట్టకుండా తిట్టాడు."

అక్క చేతిలో కత్తెర ఆగిపోయింది. "మళ్లీ చెప్పు."

"తిట్లా?"

"అట్ట సంగతి, వెధవాయ్!"

మర్నాడు ఆమె డాక్టరమ్మ ఎదుట ఒక కాగితం పెట్టింది. ఎంజైము మింగబోయే పదార్థంలాగే ఉండి, మింగుడుపడకుండా నోట్లోనే ఇరుక్కునే అణువు ఒకటుంది. పక్క గదివాళ్లు తమ ప్రయోగాల్లో దాన్ని వాడతారు. గొలుసులు తగిలించేముందు దాన్ని ఎంజైము నోట్లో ఇరికిస్తే, నోటి చుట్టూ గొలుసులకు చోటుండదు. పనయ్యాక దాన్ని కడిగి పారేయవచ్చు.

డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివింది. "ఇది మనకి ముందే తట్టాల్సింది. వేరే ఎంజైములతో ఇలా చేసినవాళ్లున్నారు. దీనికి పనిచేస్తుందో లేదో మాత్రం ఎవరికీ తెలీదు. రెండే గొట్టాలున్నాయి అక్కా."

"రెండున్నాయి కదా" అంది అక్క.

"జేబులో అట్టముక్కట!" అన్నాడు కాలమ్ బాబాయి. "ఇక నా కాలమ్‌కి కాజాలు కుట్టడమే తక్కువ."

"మీ నోటికి కుట్టిస్తాను బాబాయ్, ఉండండి."

ప్రయోగం గురువారం అనుకున్నారు. ఆ పొద్దున ఇంట్లో అక్క సూది సిద్ధం చేసుకుని వచ్చేసరికి తమ్ముడు చొక్కా ఎత్తలేదు. మంచం మీద కూచుని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

"ఇంక వద్దక్కా."

"ఏమిటి వద్దు?"

"ఇదే. ఈ సూదులు మొదలై ఆరేళ్లయింది. పొట్ట నిండా గడ్డలు. నువ్వు ఎక్కడ గుచ్చినా మందు లోపలికి పోవడం లేదు, బయటికే కారుతోంది. నిన్న నువ్వు అటు వెళ్లగానే చొక్కా తడిసింది. నీకు చెప్పలేదు."

"వేళ్లు బిగుసుకుపోతాయిరా. కుట్టలేవు."

"తెలుసు. ఎన్నాళ్లు కుట్టగలిగితే అన్నాళ్లు కుడతాను."

అతని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆమె పోట్లాడేది. అందుకే మంచం అంచున కూచుని, "నెలాఖరు దాకా ఓపిక పట్టు. అప్పటికి నేనేదో ఒకటి చెబుతాను. ఆ తర్వాత నీ ఇష్టం, నేను నోరెత్తను" అంది.

అతను ఒళ్లోంచి చేతులు తీసి చొక్కా ఎత్తాడు.

ఆ రోజు ల్యాబుకు వేళకే వచ్చింది. సీసాను అరగంట బయట ఉంచింది. తూకం మూడుసార్లు చూసుకుంది. పక్క గదికి వెళ్లి ఆ ఇరుక్కునే అణువు ద్రావణం అడిగింది. వాళ్లు ఒక చిన్న గొట్టం ఇచ్చారు. దాని మీద పేరు, గాఢత, తేదీ రాసి ఉన్నాయి. తెచ్చి ఎంజైములో కలిపింది. తర్వాత గొలుసులు వేసింది. రెండు గంటలు తిప్పి, బాబాయికి అప్పగించింది.

సాయంత్రం బాబాయి కాగితం పట్టుకుని వచ్చాడు. కాలమ్‌లోంచి ఏది ఎప్పుడు దిగిందో ఆ కాగితం మీద కొండలుగా గీసి ఉంటుంది. గొలుసులు తగిలిన ఎంజైము లావుగా ఉంటుంది కాబట్టి ముందు దిగాలి. అక్కడ కొండ లేదు, చదునుగా ఉంది. వెనక, బోడి ఎంజైము దిగే చోట పెద్ద కొండ ఉంది.

"ఒక్క గొలుసు కూడా తగల్లేదు" అన్నాడు. ఆ పూట జోకులు వేయలేదు.

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "ఆ అణువు నోట్లో కూచోగానే ఎంజైము ఒళ్లంతా ముడుచుకుపోయిందేమో. కొక్కేలకి ఎక్కడా చోటివ్వలేదు. ఆలోచన బాగుంది అక్కా, కానీ కుదిరేది కాదు. మిగిలిన గొట్టం దీనికి ఖర్చుపెట్టలేను."

అక్క ఇంటికి వెళ్లే వేళైనా వెళ్లకుండా బల్ల దగ్గర కూచుంది. పొద్దున్నుంచీ చేసిన ప్రతి పనినీ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. సీసా, సరే. తూకం, సరే. ఎంజైమును కరిగించిన మన ఉప్పునీళ్లు, సరే. ఆ చిన్న గొట్టం...

లేచి పక్క గదికి వెళ్లింది. తాళం వేయబోతున్న మనిషిని గుమ్మంలోనే ఆపి, "పొద్దున మీరిచ్చింది ఏ నీళ్లలో కరిగించారు?" అని అడిగింది.

అతను వాళ్లు మామూలుగా వాడే, ట్రిస్ అనే రసాయనం కలిపిన నీళ్ల పేరు చెప్పాడు.

అక్కడే గోడకు ఆనుకుంది అక్క. ఆ నీళ్లు ఎంజైములను భద్రంగా ఉంచుతాయి, అందుకే అందరికీ అలవాటు. కాని అందులో కరిగిన ప్రతి ట్రిస్ అణువుకూ గొలుసు కొక్కెం పట్టుకునే చోటు ఒకటుంటుంది. ఎంజైము ఒంటి మీద అలాంటి చోట్లు డజనున్నర ఉంటే, ఆ నీళ్లలో లెక్కలేనన్ని. గొలుసులన్నీ వెళ్లి నీళ్లనే పట్టుకున్నాయి. గొలుసుల బల్ల దగ్గరికి ఆ నీళ్లు రాకూడదు. కొత్తవాళ్లకు మొదటి రోజున ఆమె చెప్పే మొదటి మాటే అది. ఏ గొట్టం చేతికొచ్చినా, "ఏ నీళ్లు?" అని అడగకుండా మూత తీయదు. ఆ ఒక్క రోజే అడగలేదు.

మర్నాడు డాక్టరమ్మ కోటు తొడుక్కునేలోపే ఎదురెళ్లింది. "ఆలోచన తప్పు కాదు. తప్పు నాది. వాళ్లు ట్రిస్‌లో కరిగించారు. నేను అడగలేదు."

డాక్టరమ్మ కోటు సగం తొడుక్కునే ఆమె వైపు తిరిగింది. "మీరా? మీరు అడగలేదా?"

"అడగలేదు."

"ఈ బల్ల మీద పనిచేసే వందమందిలో ఈ తప్పు చెయ్యనివాళ్లు ఒక్కరుంటారంటే అది మీరే అనుకునేదాన్ని."

"నేనూ అలాగే అనుకున్నాను" అంది అక్క. "కాబట్టి రిపోర్టులో నా పేరే రాయండి. అణువు పనికిరాదని మాత్రం రాయకండి. అలా రాస్తే ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు. ఆ రెండో గొట్టం నాకివ్వండి."

"మళ్లీ పాడైతే?"

"పాడైతే మర్నాటి నుంచి నాకు మళ్లీ గాజుసామాను కడిగే పని ఇవ్వండి. అదీ బాగానే చేస్తాను."

బాబాయి గొట్టాల వెనక నుంచి తల బయటికి పెట్టి, "ఇచ్చెయ్యండమ్మా. ఆవిడ పట్టిన పట్టు విడిచే రకం కాదు. ఇవ్వకపోతే రోజూ అరగంట మీ బల్ల దగ్గర కూచుంటుంది" అన్నాడు.

ఈసారి ద్రావణం తీసుకోలేదు. అదే అణువును పొడిగా అడిగి తెచ్చుకుంది. గొలుసులకు అడ్డురాని ఫాస్ఫేట్ నీళ్లలో అది సులువుగా కరగదు. గోరువెచ్చగా ఉంచి పొద్దంతా తిప్పుతూ కూచుంది. అడుగున పిసరంత మడ్డి కనిపించినా ఒప్పుకోలేదు. మధ్యాహ్నం ఎవరో భోజనానికి పిలిస్తే వినిపించుకోలేదు. చివరికి సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, "ఊఁ" అంది.

మర్నాడు బాబాయి కాగితం తెచ్చాడు. ముందువైపు కొండ లేచింది. గొలుసులు తగిలాయి.

డాక్టరమ్మే స్వయంగా పసుపు నీళ్లు పోసి, ఎంజైము చుక్క వేసింది. ముగ్గురూ కళ్లప్పగించి చూశారు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. పసుపు కదలలేదు. డాక్టరమ్మ మొహం వాడిపోయింది. చేతి తొడుగులు విప్పబోయింది.

"ఆగండి. అట్ట ఇంకా జేబులోనే ఉంది" అంది అక్క.

"కాలమ్‌లో పోయే ఉంటుంది కదా?"

"అది నోట్లో గట్టిగా ఇరుక్కునే రకం. ఒక్క కడుగుకి ఊడిపోతే మనకి పనికొచ్చేదే కాదు. బాబాయ్, ఇంకోసారి. కాదు, ఇంకో మూడుసార్లు, తొందరపడకుండా."

"నా గొట్టానికి కూడా నువ్వే గడియారం పెడుతున్నావన్నమాట" అంటూనే బాబాయి పనిలో పడ్డాడు. రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున మళ్లీ పసుపు నీళ్లు పోశారు, మళ్లీ చుక్క వేశారు. నాలుగు నిమిషాలకు అంచుల దగ్గర రంగు పలచబడింది. తొమ్మిది నిమిషాలకు అవతల పెట్టిన కాగితం మీది అక్షరాలు గొట్టంలోంచి కనిపించాయి.

బాబాయి జేబులోంచి కళ్లద్దాలు తీసి, ఆ అక్షరాలు పైకి చదివాడు. అవి సబ్బునీళ్ల బిల్లు అక్షరాలు. అయినా చదివాడు.

తర్వాత ఎలుకల గదికి పంపారు. గొలుసుల్లేని ఎంజైము మర్నాటికే రక్తంలోంచి మాయమైంది. గొలుసులున్నది ఆరో రోజుక్కూడా ఉంది. ఉండడమే కాదు, పసుపును విరుస్తోంది. బల్లను ఎవరికీ ఇవ్వలేదు. ఎంజైము తయారీ మళ్లీ మొదలుపెట్టమని డాక్టరమ్మ రాసిన ఉత్తరం కింద, అక్క చేసిన తప్పు, దాన్ని దిద్దిన తీరు, రెండూ ఉన్నాయి. రెండూ ఉంచమని అక్కే పట్టుబట్టింది.

నెలాఖరు రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికి వచ్చింది. తమ్ముడు ఒక ప్యాంటు నడుము కుడుతున్నాడు. ఆమెను చూసి పాదం తీసేశాడు. మిషన్ ఆగింది.

"అయిందా?"

"అయింది. ఆరు రోజులు నిలిచింది. పనిచేస్తోంది."

అతని మొహం వెలిగింది. ఆ వెలుగును అలాగే ఉంచాలని ఆమెకు ఎంత అనిపించిందో! వచ్చే ఏడాదికి వచ్చేస్తుందని ఒక్క ముక్క చెబితే చాలు. వీధిలోంచి నడిచి వస్తున్నంతసేపూ ఆ ముక్క నోటిదాకా వచ్చి ఆగింది.

"ఇప్పుడే రాదురా. ఇంకా పెద్ద జంతువుల్లో చూడాలి, తర్వాత మనుషుల్లో. అయిదేళ్లు పట్టొచ్చు, ఏడేళ్లు పట్టొచ్చు. మధ్యలో ఎక్కడైనా ఆగిపోనూ వచ్చు. నీకు అబద్ధం చెప్పను. ఏదో ఒకటి చెబుతానన్నాను, చెప్పాను. ఇంక నీ ఇష్టం."

అతను కుడుతున్న ప్యాంటును మడతపెట్టాడు. మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టాడు.

"ఏడేళ్లు."

"ఏడు అనుకో."

"ఇన్నాళ్లూ ఎన్నాళ్లని తెలీక విసుగొచ్చిందక్కా. ఊరికే గుచ్చించుకుంటూ పోవడమే, అవతల ఏమీ లేదు." మడతపెట్టిన ప్యాంటును పక్కన పెట్టాడు. "కొలత తెలిస్తే వేరు."

లేచి, మెడలో వేలాడుతున్న టేపు, బల్ల మీది సుద్ద తీసుకుని తెర వెనక్కి వెళ్లాడు. ఆమె బయటే నిలబడింది. లోపల టేపు లాగిన చప్పుడు.

"అక్కా, ఒకసారి రా."

తెర తీసింది. చొక్కా పైకెత్తి గడ్డంతో అదిమిపట్టుకుని, అద్దంలో చూసుకుంటూ పొట్ట మీద సుద్దతో గళ్లు గీస్తున్నాడు, కోటు గుడ్డ మీద గీసినంత తిన్నగా. గడ్డలున్న ఏడు గళ్లలో అడ్డగీతలు కొట్టాడు.

"పొట్ట మీద తొమ్మిది బాగున్నాయి. తొడల మీద చెరో ఏడు వస్తాయి. మొత్తం ఇరవై మూడు. రోజుకొకటి చొప్పున తిరిగొచ్చేసరికి ఒక్కో గడికి ఎంత విశ్రాంతి?"

"మూడు వారాలు దాటుతుంది. మూడు వారాలు వదిలేస్తే చర్మం మళ్లీ మెత్తబడుతుందని నర్సు ఎప్పుడో చెప్పింది. నువ్వే వినలేదు. నొప్పి తెలీదని ఆ గడ్డల్లోనే గుచ్చమనేవాడివి."

"నువ్వు మాత్రం గుచ్చలేదూ?"

"గుచ్చాను" అంది. "అదీ నా తప్పే. రాసుకో."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే పొట్ట కదిలి గీత వంకర పోయింది. "నవ్వించకక్కా, కొలత చెడుతుంది" అని విసుక్కుని, అరచేత్తో చెరిపి, మళ్లీ తిన్నగా గీశాడు. తర్వాత సుద్ద ఆమె చేతిలో పెట్టాడు.

"అంకెలు నువ్వు వెయ్యి. ఒకటి ఎక్కణ్ణుంచి మొదలుపెడదామో చెప్పు."

ఆమె మోకాళ్ల మీద కూచుని, కుడివైపు పై గడిలో ఒకటి వేసింది.